ఇల్లు పెరిగినప్పుడు కరెంటు తీగ సంగతి

నరికుడిలో పాత పెంకుటిల్లు మేడగా మారడం ఏ కుటుంబానికైనా సంతోషకరమైన ఘట్టం. విరుదునగర్‌లోనో కోవిల్‌పట్టిలోనో ఏళ్ల తరబడి కష్టించి కూడబెట్టిన సొమ్ముతో పెంకులు దింపి శ్లాబు వేస్తారు. చేతిలో ఇంకొంత మిగిలితే పైన ఒక గది, వీధివైపు ఒక బాల్కనీ. సిమెంటుకు, ఇనుముకు, ఇసుకకు, మేస్త్రి కూలికి లెక్క వేస్తారు. ఇంటి ముందుగా పోతున్న కరెంటు తీగ మాత్రం ఆ లెక్కలోకి రాదు. తాతల కాలం నుంచి అది అక్కడే ఉంది, దానివల్ల పెంకుటింటికి ఏనాడూ ఇబ్బంది కలగలేదు కనుక దాని గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ తోచదు.

తీగ ఉన్నచోటనే ఉంది. ఇల్లే పైకీ ముందుకీ పెరిగి దానిని సమీపిస్తున్నది. ఈ చిన్న సంగతిని గుర్తించకపోవడం వల్లనే గృహనిర్మాణ స్థలాల్లో ప్రాణాలు పోతున్నాయి, పూర్తయిన కట్టడాలు వివాదాల్లో చిక్కుకుంటున్నాయి. ఇంటికి చేసే ఏ మార్పు విద్యుత్ భద్రతా నియమాల పరిధిలోకి వస్తుంది, అలా వచ్చినప్పుడు తీగను జరపడానికో నేల కిందికి దించడానికో ఎవరు బాధ్యులు, ఖర్చు ఎవరిది, పని ఏ క్రమంలో జరగాలి అన్న విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

1. నియమం ఎక్కడిది?

ఇంటికీ తీగకూ మధ్య ఉండవలసిన దూరాన్ని మునిసిపాలిటీ గాని పంచాయతీ గాని నిర్ణయించదు. అది దేశమంతటికీ ఒకటే. 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలో ఈ దూరాలు ఉండేవి. విద్యుత్ చట్టం, 2003 వచ్చిన తరువాత కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నియమాలను ప్రకటించింది. వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వెలువడ్డాయి. మధ్యలో చాలా విషయాలు మారినా, సామాన్య గృహస్థుకు కావలసిన కొలతలు స్థిరంగానే నిలిచాయి.

ఇంటి నిర్మాణానికి అనుమతి ఇచ్చే కార్యాలయం మాత్రం ఊరినిబట్టి మారుతుంది. నరికుడిలో అది గ్రామ ఊరాట్చి, విరుదునగర్‌లోను కోవిల్‌పట్టిలోను నగరాట్చి. 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన తమిళనాడు సమగ్ర అభివృద్ధి, భవన నిర్మాణ నియమాలు ఈ మూడు చోట్లా వర్తిస్తాయి. విద్యుత్ సరఫరా కూడా మూడు చోట్లా ఒకే సంస్థది. పాత తమిళనాడు విద్యుత్ బోర్డు 2010లో విడిపోయినప్పుడు పంపిణీ బాధ్యత టాంజెడ్కోకు దక్కింది. 2024లో అది తమిళనాడు విద్యుత్ పంపిణీ సంస్థగా మారింది. పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట అది ఇప్పటికీ ‘మిన్ వారియం’ అనే పలుకుతున్నది. అందువల్ల ఈ పాఠంలోనూ దానిని బోర్డు అనే పేర్కొంటున్నాము.

ఇక్కడ మొదటి పాఠాంశం ఉంది. నగరాట్చి లేక ఊరాట్చి ఇచ్చిన భవన అనుమతి తీగ విషయంలో ఇచ్చిన అనుమతి కాదు. అవి రెండు వేరువేరు కార్యాలయాలు, రెండు వేరువేరు బాధ్యతలు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2,500 చదరపు అడుగుల వరకు స్థలంలో 3,500 చదరపు అడుగుల వరకు ఇల్లు కట్టుకొనేవారు ముందస్తు తనిఖీ కోసం వేచి ఉండకుండా ఆన్‌లైన్‌లోనే అనుమతి పొందవచ్చు. సౌకర్యం పెద్దదే. కాని తనిఖీకి వచ్చి, తల పైకెత్తి, ‘ఈ తీగ సంగతేమిటి?’ అని అడిగే అధికారి ముందుగా రాడు. ఆ ప్రశ్న వేసుకోవలసిన బాధ్యత పూర్తిగా యజమానిదే అవుతుంది.

2. ఎంత దూరం ఉండాలి?

వీధుల్లో ఇళ్లకు కరెంటు పంచే తీగలను తక్కువ వోల్టేజీ తీగలు అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ వరకు కరెంటును తెచ్చే తీగలు సాధారణంగా 11 కిలోవోల్టులవి. ఊరికీ ఊరికీ మధ్య, ఉపకేంద్రాల మధ్య 33 కిలోవోల్టుల తీగలు కూడా కనిపిస్తాయి. వీటికి ఉండవలసిన కనీస దూరాలు ఇవి:

ఇళ్లకు కరెంటు పంచే తీగలు (650 వోల్టుల వరకు): ఇంటి పైనుంచి పోతే నిలువుగా 2.5 మీటర్లు, పక్కనుంచి పోతే అడ్డంగా 1.2 మీటర్లు.

11 కిలోవోల్టుల తీగలు: నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్లు.

33 కిలోవోల్టుల తీగలు: నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 2 మీటర్లు.

ఈ కొలతలను అర్థం చేసుకోవడంలో మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది, కొలత గోడనుంచి మొదలు కాదు. ఇంటిలో తీగకు అత్యంత దగ్గరగా ఉన్న భాగం నుంచి మొదలవుతుంది. అది బాల్కనీ అంచు కావచ్చు, సజ్జ కావచ్చు, పిట్టగోడ కావచ్చు, నీళ్ల ట్యాంకు కోసం కట్టిన దిమ్మె కావచ్చు.

రెండవది, తీగ ఎల్లప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు. ఎండకు లోహం సాగుతుంది, తీగ కిందికి జారుతుంది. మార్గళి ఉదయాన కొలిచినప్పుడు చాలినంతగా కనిపించిన దూరం కత్తిరి ఎండల మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. అందుకే నిలువు దూరాన్ని తీగ అత్యధికంగా జారినప్పటి స్థితికి లెక్కిస్తారు.

మూడవది, గాలికి తీగ ఊగుతుంది. అడ్డపు దూరాన్ని అది ఇంటివైపు అత్యధికంగా ఒరిగినప్పటి స్థితికి లెక్కిస్తారు. కాబట్టి గాలి లేని వేళ టేపుతో కొలిచి సరిగ్గా 1.2 మీటర్లు వచ్చిందంటే దూరం చాలలేదనే అర్థం.

3. ఒక ఉదాహరణ

నరికుడిలోని ఒక ఇరుకు వీధిని ఊహించుకుందాం. పాత పెంకుటింటి గోడకు, వీధి వెంట పోయే తక్కువ వోల్టేజీ తీగకు మధ్య అడ్డంగా 2 మీటర్ల ఎడం ఉంది. నియమం కోరేది 1.2 మీటర్లే కనుక పాత ఇంటికి ఏ దోషమూ లేదు. ఇప్పుడు యజమాని పైన ఒక గది కట్టి, దాని ముందు 90 సెంటీమీటర్ల బాల్కనీని వీధివైపుకు తీస్తున్నాడు. తీగకూ బాల్కనీ అంచుకూ మధ్య మిగిలేది 1.1 మీటర్లు. తక్కువైనది 10 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు.

ఆ జానెడుతోనే ఇల్లు నియమోల్లంఘనలోకి వెళ్లింది. బాల్కనీకి ఇనుప కటకటాలు బిగిస్తే దూరం ఇంకొంత తగ్గుతుంది. పని జరుగుతున్నప్పుడు పరిస్థితి మరింత ప్రమాదకరం. గిలాబా పూతకు వెదురు గడలతో సారువ కడతారు, దానినే తమిళ పనివారు ‘సారం’ అంటారు. ఆ సారువ బాల్కనీ అంచుకు బయట నిలుస్తుంది. దానిపై నిలబడిన మనిషి చేయి చాచితే తీగ అందుతుంది. శ్లాబుకు వాడే ఇనుప చువ్వ దుకాణంలో సుమారు 12 మీటర్ల పొడవున వస్తుంది. ఇరుకు వీధిలో ఆ చువ్వను పైకి అందించే ఇద్దరు కూలీలలో ఒకరు దానిని కాస్త తిప్పితే చాలు, రెండవ కొస తీగను తాకుతుంది. 11 కిలోవోల్టుల తీగ అయితే తాకనక్కరలేదు, మరీ దగ్గరకు పోతే కరెంటు గాలిలోనే దూకుతుంది.

2022 ఏప్రిల్ 27న తంజావూరు సమీపంలోని కళిమేడు గ్రామంలో ఉత్సవ రథం పైభాగం వీధి పక్కనున్న అధిక వోల్టేజీ తీగను తాకి 11 మంది మరణించిన సంగతి తమిళనాట అందరికీ గుర్తే. అది ఇంటి పని కాకపోయినా పాఠం ఒకటే. తీగకూ లోహానికీ మధ్య ఉన్న దూరమే రక్షణ. ఆ దూరం పోయిన క్షణాన తప్పించుకొనే వ్యవధి ఎవరికీ ఉండదు.

4. ఏ మార్పులకు ముందుగా ఆలోచించాలి?

ఇంటి లోపల చేసే పనులు, అంటే గచ్చు మార్చడం, తలుపులు బిగించడం, వంటగది అరలు కట్టడం, లోపలి గోడలకు రంగు వేయడం వంటివి తీగ దూరాన్ని మార్చవు. కింది పనులు మార్చగలవు:

పై అంతస్తు లేక మేడమీద గది కట్టడం. బాల్కనీ, సజ్జ, బయటి మెట్లు తీయడం. మేడమీద రేకుల పందిరి వేయడం. నీళ్ల ట్యాంకు దిమ్మెను ఎత్తు చేయడం. సౌర ఫలకాలకు ఇనుప చట్రం నిలపడం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం తరువాత ఈ చివరి పని చాలా ఇళ్లలో జరుగుతున్నది. ఇంటి వైశాల్యంలో అంగుళం పెరగకపోయినా ఎత్తు పెరుగుతుందన్న సంగతి మరువరాదు.

తాత్కాలికమైన మార్పులూ ఈ నియమంలోనే ఉన్నాయి. పెళ్లి పందిరి, బయటి గోడకు రంగు వేయడానికి కట్టిన సారువ కూడా తీగకు దగ్గరగా వస్తే అవే జాగ్రత్తలు వర్తిస్తాయి. వీధి మట్టాన్ని ఎత్తు చేయడం కూడా ఈ నియమం పరిధిలోనిదే, ఎందుకంటే నేల పైకి లేస్తే తీగ కిందికి దిగినట్టే.

5. ముందు నోటీసు, ఆ తరువాతే పునాది

నియమం ఇలా చెబుతున్నది. తీగ ముందుగా ఉండి, ఆ తరువాత ఎవరైనా కొత్త కట్టడం గాని, ఉన్న కట్టడానికి మార్పు గాని చేయదలచి, దానివల్ల పని జరిగేటప్పుడు లేక పూర్తయ్యాక నిర్ణీత దూరం తగ్గేటట్లయితే, యజమాని, అతడు నియమించుకున్న కాంట్రాక్టరు ఇద్దరూ ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ నోటీసు రెండు చోట్లకు వెళ్లాలి. ఒకటి తీగ యజమాని అయిన బోర్డుకు, రెండవది ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారికి. దానితోపాటు కొలతలతో గీసిన పటం జతపరచాలి. ఆ పటంలో ఇల్లే కాక, నిర్మాణ సమయంలో కట్టబోయే సారువ కూడా చూపాలి. నియమం రాసినవారు మేస్త్రీ ప్రాణాన్ని కూడా దృష్టిలో ఉంచుకున్నారని ఈ ఒక్క మాటే తెలుపుతుంది.

నోటీసు అందిన తరువాత బోర్డు కొన్ని విషయాలు పరిశీలిస్తుంది. తీగను నియమాల ప్రకారమే వేశారా? దానిని మార్చడం సాంకేతికంగా సాధ్యమేనా? కొత్త మార్గంలో తీగ వేయడానికి దారి హక్కు ఉన్నదా? ఖర్చు భరించవలసిన బాధ్యత ఇంటి యజమానిదేనా? ఆ బాధ్యత అతడిదేనని తేలితే ఖర్చు అంచనా పంపుతుంది. అది అందిన 30 రోజుల్లోగా ఆ సొమ్ము కట్టాలి. సొమ్ము కట్టిన నాటినుంచి నెలలోగా, లేక తనిఖీ అధికారి అనుమతించిన మరికొంత గడువులోగా, బోర్డు తీగను మార్చాలి.

అంచనా ఎక్కువగా ఉన్నదనో, బాధ్యత తమది కాదనో యజమాని భావిస్తే ఆ వివాదాన్ని విద్యుత్ తనిఖీ అధికారి ముందుంచవచ్చు. సరఫరాకు సంబంధించిన ఇతర ఫిర్యాదులకు విద్యుత్ చట్టం, 2003 ప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇక్కడ తరచు తలెత్తే ప్రశ్న ఒకటి ఉంది. తీగ ముందా, ఇల్లు ముందా? ఇల్లు ముందు ఉండి, తీగను తరువాత తగిన దూరం లేకుండా వేసి ఉంటే బాధ్యత మారవచ్చు. అందుకే పాత ఇంటి పన్ను రసీదులు, పాత మీటరు అట్ట, ఇంటి ముందు తీసిన పాత ఛాయాచిత్రాలు భద్రంగా ఉంచుకోవాలి. తాతగారి పెళ్లినాటి ఫోటోలో వెనుకవైపు కనిపించే స్తంభం కూడా ఒక్కొక్కప్పుడు సాక్ష్యం అవుతుంది.

నోటీసు ఇవ్వకుండా కట్టేస్తే ఏమవుతుంది? విద్యుత్ చట్టంలోని 68వ సెక్షన్ ప్రకారం, తీగ వేసిన తరువాత దాని సమీపంలో వెలసిన కట్టడం సరఫరాకు ఆటంకం కలిగిస్తే, దానిని తొలగించవలసిందిగా కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ముందుగా అడిగితే పటంలో బాల్కనీ గీతను ఒక జానెడు వెనక్కి జరపడంతో సరిపోయేది. తరువాత అయితే గడ్డకట్టిన కాంక్రీటును కొట్టవలసి వస్తుంది.

6. మూడు మార్గాలు

తీగ దూరం చాలనప్పుడు దానిని నేల కింద వేసి తీరాలని నియమం నిర్బంధించదు. దూరం సరిపోవాలి, లేదా ప్రమాదం తొలగాలి అన్నదే దాని కోరిక. దానికి మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గం ఇంటి పటాన్ని సవరించడం. పై ఉదాహరణలో బాల్కనీని 90 సెంటీమీటర్లకు బదులు 50కి కుదిస్తే 1.5 మీటర్ల ఎడం మిగులుతుంది. గాలికి తీగ ఊగే దూరాన్ని బోర్డు వారు లెక్కించి ఇది చాలునంటే, ఖర్చు లేని పరిష్కారం ఇదే.

రెండవ మార్గం తీగను పైననే మార్చడం. స్తంభాన్ని జరపవచ్చు, ఎత్తయిన స్తంభం నాటవచ్చు, బట్టతీగల స్థానంలో ఒకదానితో ఒకటి పేనిన తొడుగు కేబులు వేయవచ్చు. తక్కువ వోల్టేజీ తీగల విషయంలో నియమమే ఒక వెసులుబాటు కల్పించింది. నిర్ణీత దూరం లేనిచోట తీగకు తగినంత తొడుగు ఉండి, కనీసం 350 కిలోల బరువుకు తెగని, భూమితో కలిపిన ఆధార తీగకు దానిని అక్కడక్కడ బిగించి ఉంచాలి. ఈ వెసులుబాటు తక్కువ వోల్టేజీ తీగలకు ఉద్దేశించినదని గుర్తుంచుకోవాలి. గృహస్థు తానే తీగకు ప్లాస్టిక్ గొట్టం తొడగడం దీని కిందికి రాదు. అది ప్రాణాంతకం.

మూడవ మార్గం నేల కింద కేబులు. వీధి మరీ ఇరుకై స్తంభం జరపడానికి చోటు లేనప్పుడు, ఎదుటి ఇళ్లవారికీ అదే సమస్య ఉన్నప్పుడు, లేక పై అంతస్తుకు వేరే కనెక్షన్ తీసుకొని ఒంటి ఫేజు నుంచి మూడు ఫేజులకు మారుతున్నప్పుడు ఈ మార్గం ఆలోచించదగినది. స్తంభం నుంచి ఇంటి మీటరు వరకు వచ్చే సర్వీసు తీగనైనా నేల కిందికి మారిస్తే మేడ ముందు వేలాడే తీగ ఉండదు.

ఈ మూడింటినీ ఖర్చును, ప్రమాదాన్ని బట్టి తూచి చూడాలి. వీధంతటి తీగలను ప్రభుత్వమే పాతిపెట్టడం వేరు, ఒక ఇంటికోసం పాతిపెట్టడం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తరువాత ఆ నగరంలో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్లు వేశారు. తమిళనాట కడలూరు, నాగపట్టణాలలోనూ తుపానుల దృష్ట్యా అటువంటి పనే చేపట్టారు. అవి ప్రజాధనంతో జరిగినవి. అమెరికాలోని కాలిఫోర్నియాలో వీధి తీగలను నేల కిందికి మార్చే కార్యక్రమం 1967 నుంచి నడుస్తున్నది. అక్కడి కొన్ని పట్టణాలు మరొక అడుగు ముందుకు వేసి, ఇంటిని పెద్దయెత్తున మార్చేవారు తమ సర్వీసు తీగను సొంత ఖర్చుతో నేల కిందికి దించాలని షరతు పెట్టాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారు ఇల్లు పెంచుకొనేటప్పుడు ఈ షరతు ఎదురుకావచ్చు. మన ప్రాంతంలో అటువంటి సార్వత్రిక నిర్బంధం లేదు. తీగ దూరం చాలకపోవడమే ఇక్కడ ఆ అవసరాన్ని తెస్తుంది, ఆ ఖర్చు సాధారణంగా తరువాత కట్టినవారి మీద పడుతుంది.

7. నేల కింద వేసేటప్పుడు

కంటికి కనిపించని తీగ ప్రమాదం లేని తీగ కాదు. పైనున్న తీగను చూసి మనిషి తప్పుకుంటాడు. కిందనున్న తీగ గడ్డపారకు తగిలేదాకా తెలియదు. అందుకే లోతు విషయంలో భారతీయ ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి. తక్కువ వోల్టేజీ కేబులుకు కనీసం 75 సెంటీమీటర్లు, 11 కిలోవోల్టుల కేబులుకు 90 సెంటీమీటర్లు, 33 కిలోవోల్టుల కేబులుకు 105 సెంటీమీటర్ల లోతు ఉండాలి. నీటి గొట్టానికీ, టెలిఫోను కేబులుకూ కనీసం 30 సెంటీమీటర్ల ఎడం పాటించాలి. కందకం అడుగున రాళ్లు లేని మెత్తటి ఇసుక పరచి, కేబులు ఉంచి, మళ్లీ ఇసుకతో కప్పి, దానిపై ఇటుకలో పలకలో పేర్చాలి. ఆ ఇటుక వరుస రెండు పనులు చేస్తుంది. గడ్డపార దెబ్బను ఆపుతుంది, తవ్వేవాడికి ‘ఇక్కడ కేబులు ఉంది’ అని హెచ్చరిస్తుంది. వాహనాలు తిరిగే చోట కేబులును గట్టి గొట్టంలోంచి పోనివ్వాలి.

ఈ ప్రాంతపు నేల గురించి ఒక మాట. తమిళులు కరిసల్ అని, మనవారు నల్లరేగడి అని పిలిచే ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానితోపాటు కేబులు కూడా లాగబడుతుంది. కందకంలో ఇసుక పరుపును తగ్గించకపోవడం, రెండు కొసల వద్ద కొంత కేబులును చుట్టగా వదలడం అందువల్ల ఇక్కడ మరింత ముఖ్యం. ఐప్పసి, కార్తిక మాసాల ఈశాన్య రుతుపవన వర్షాలకు ముందే కందకం పూడ్చి గట్టిపరచడం మేలు. వానలో తెరిచి ఉంచిన కందకం పిల్లలకు, పశువులకు ప్రమాదం.

వీధిని తవ్వడానికి వేరే అనుమతి కావాలి. ఊరిలోపలి వీధి అయితే ఊరాట్చి లేక నగరాట్చి, రాష్ట్ర రహదారి అయితే రహదారుల శాఖ అనుమతించాలి. తవ్విన రోడ్డును తిరిగి బాగుచేయడానికి అయ్యే సొమ్మును ముందుగా కట్టవలసి ఉంటుంది. నేల కింద నీటి గొట్టాలు, ఇంటర్నెట్ తీగలు ఇప్పటికే ఉండవచ్చు. తవ్వకానికి ముందు ఆయా సంస్థలకు తెలియజేయడం కోసం కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. కాంట్రాక్టరు దానిని వాడాడో లేదో యజమాని అడిగి తెలుసుకోవాలి.

పని పూర్తయ్యాక కేబులు పోయిన దారిని గోడనుంచి కొలతలతో ఒక కాగితం మీద గీసి ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచాలి. పదేళ్ల తరువాత కొళాయి గొట్టం కోసమో కొబ్బరి మొక్క కోసమో అక్కడ గొయ్యి తవ్వే మనిషికి ఆ కాగితమే రక్ష.

8. పని క్రమం

ఇంటి పటం గీయించేటప్పుడే తీగలను, స్తంభాలను అందులో చూపించాలి. ఇనుప టేపుతో గాని, కర్రతో గాని తీగ దగ్గరకు పోయి కొలవరాదు. నేలమీద నిలబడి అంచనా వేసి, ఖచ్చితమైన కొలత కోసం బోర్డు సెక్షన్ కార్యాలయాన్ని కోరాలి. దరఖాస్తులో కనెక్షన్ సంఖ్య రాసి, పటం ప్రతిని, ఇంటి ముందుభాగపు ఫోటోలను జతపరచి, అందినట్టు రసీదు తీసుకోవాలి. అంచనా సొమ్ము బోర్డు ఖాతాలోనే కట్టాలి, వ్యక్తుల చేతికి ఇవ్వరాదు. తీగ మారిందని కళ్లారా చూసిన తరువాతే తీగవైపు పని మొదలుపెట్టాలి. తీగకు సమీపాన అత్యవసరంగా పని చేయవలసి వస్తే సరఫరా నిలిపివేయాలని కోరడం యజమాని బాధ్యత. ప్రమాదం కనిపించినప్పుడు బోర్డు వారి ‘మిన్నగం’ కేంద్రానికి 94987 94987 సంఖ్యలో ఏ వేళనైనా తెలపవచ్చు.

9. కార్యాలయంలో వినిపించే తమిళ మాటలు

ఇంట్లో తెలుగు, కార్యాలయంలో తమిళం ఉన్నచోట దరఖాస్తు ఆలస్యం కావడానికి మాట తెలియకపోవడం కూడా ఒక కారణం. కింది పదాలు ఉపయోగపడతాయి.

మిన్ కంబి: కరెంటు తీగ. మిన్ కంబం: కరెంటు స్తంభం. పుదైవడం: నేల కింద వేసే కేబులు. మిన్ ఇణైప్పు ఎణ్: కనెక్షన్ సంఖ్య. పిరివు అలువలగం: సెక్షన్ కార్యాలయం. ఉదవి పొరియాళర్: సహాయ ఇంజనీరు. మిన్ ఆయ్వాళర్: విద్యుత్ తనిఖీ అధికారి. కట్టిడ అనుమది: భవన నిర్మాణ అనుమతి. మదిప్పీడు: ఖర్చు అంచనా. ఒప్పుగై చీట్టు: అందినట్టు రసీదు.

పునశ్చరణ

కింది ప్రశ్నలకు కుటుంబ సభ్యులందరూ, ముఖ్యంగా పని చేయించబోయేవారు, మేస్త్రీతో కలిసి కూర్చుని సమాధానాలు చెప్పుకోవాలి.

ఇంటి ముందు, పక్కన, పైన పోయే తీగలు ఏ వోల్టేజీవి? కొత్త కట్టడంలో తీగకు అత్యంత దగ్గరగా వచ్చే భాగం ఏది? ఎండకు తీగ జారినప్పుడు, గాలికి ఒరిగినప్పుడు ఎంత దూరం మిగులుతుంది? సారువ ఎంత బయటకు వస్తుంది? ఇనుప చువ్వలను ఏ వైపునుంచి పైకి అందిస్తారు? బోర్డుకు, తనిఖీ అధికారికి ఇచ్చిన నోటీసుల రసీదులు ఎక్కడ ఉన్నాయి?

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి సమాధానం దొరకకపోయినా శంకుస్థాపన ముహూర్తాన్ని కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చు. మంచి ముహూర్తం మళ్లీ దొరుకుతుంది. సారువ మీదికెక్కిన మేస్త్రీకి, ఆయన కోసం సాయంత్రం ఇంటివద్ద ఎదురుచూసే పిల్లలకు ఆ వాయిదా విలువ ఎంతో ఉంటుంది.